జలపాతాన్ని కట్టేసిన మనిషి

ఎవరింటికి వెళ్ళినా అతను ముందు కుళాయి దగ్గరికి వెళతాడు. పలకరింపులు తర్వాత. కుడిచేతి రెండు వేళ్ళు చాచి కుళాయి మూతి కింద పెడతాడు. మనసులో పది లెక్కపెడతాడు. ఆలోగా వేళ్ళ మీద చుక్క పడితే ఆ ఇంటివాళ్ళ మీద అతనికి గౌరవం తగ్గిపోతుంది. పడకపోతే తల తిప్పి, "బావున్నారా?" అంటాడు.

పెళ్ళి మాటలకు వెళ్ళిన రోజూ అంతే చేశాడు. పిల్లను చూడమని కూర్చోబెడితే పిల్ల వంక చూడలేదు, పెరటి గోడ దగ్గర కారుతున్న కుళాయి వంక చూశాడు. ఇచ్చిన కాఫీ చల్లారేలోపు దాన్ని విప్పి, జేబులోంచి వాషరు తీసి వేసి, బిగించి వచ్చి కూర్చున్నాడు. పిల్ల తల్లి అక్కడికక్కడే నిర్ణయించేసింది. "మొహం సంగతి ఎలా ఉన్నా చేతులు మంచివి" అందట. ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఆ మాట చెబుతూనే ఉంది. మొహం సంగతి ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు.

వీధిలో అందరూ అతన్ని వాషరు మేస్త్రీ అంటారు. అసలు పేరు కాగితాల మీద ఉంది.

నీళ్ళు కారనివ్వని మనిషి ఇంట్లో నీళ్ళు పోసుకోవడం కష్టమే. ఆ ఇంట్లో మనిషికి ఒక బకెట్టు. ఊరిలో సగం ఇళ్ళకు షవర్లు బిగించిన మనిషి, తన ఇంట్లో షవరు పెట్టలేదు. పైనుంచి పడే నీళ్ళలో సగం మనిషిని తాకకుండానే పోతాయని అతని వాదన. పదహారేళ్ళ కూతురు స్నేహితురాళ్ళతో చెప్పుకుంటుంది, తమ ఇంట్లో స్నానం చేశాక ఒళ్ళు తడిసిందో లేదో అద్దంలో చూసుకోవాలని.

అత్తగారు ఆరేళ్ళుగా వాళ్ళతోనే ఉంటోంది. మామగారు పోయాక కూతురి దగ్గరికి వచ్చేసింది. ఒక బకెట్టు గురించి ఎప్పుడూ సణగలేదు. ఆవిడకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. గంటన్నర ప్రయాణం దూరంలో కొండ మీద అమ్మవారి గుడి ఉంది. గుడి వెనక కింది వైపు జలపాతం ఉంది. కొత్తగా పెళ్ళయినప్పుడు, యాభై ఒక్క ఏళ్ళ కిందట, మొగుడితో అక్కడికి వెళ్ళింది. ఆడా మగా అందరూ నీళ్ళ కింద నిలబడి కేరింతలు కొడుతున్నారు. ఈవిడ చెప్పులు విడిచి, కొంగు బిగించి రెండడుగులు వేసింది. మొగుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. జనం చూస్తున్నారన్నాడు. ఇంకోసారి వద్దామన్నాడు. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. ఏ కాగితం వచ్చినా ఇంకోసారి అనడం ఆయనకు పని. అలాగే అంటూ రిటైరయ్యాడు. అలాగే అంటూ పోయాడు.

కూతురింటికి వచ్చాక ఆ ప్రయాణం నాలుగుసార్లు కుదిరింది, నాలుగుసార్లు చెడింది. ఒకసారి ఆసుపత్రిలో పైపు పగిలింది. ఒకసారి హాస్టలు ట్యాంకు పొంగింది. ఇంకోసారి ఒకావిడ ఉంగరం సింకులో పడింది. నాలుగోసారి అందరూ బండెక్కి కూర్చున్నాక ఎవరో వీధి చివరి నుంచి పరుగెత్తుకొచ్చి, "మేస్త్రీ, మా బాత్రూములోంచి మెట్ల మీదికి వచ్చేస్తోంది" అన్నాడు. అతను దిగిపోయాడు. అత్తగారు తువ్వాలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది.

ఇప్పుడిక వాయిదా వేసే వీలు లేదు. వచ్చే నెలలో ఆవిడ రెండు మోకాళ్ళకూ ఆపరేషను. తర్వాత నడవొచ్చన్నాడు డాక్టరు. మెట్లు, కొండలు, జారే రాళ్ళు మాత్రం ఈ జన్మకు మరిచిపొమ్మన్నాడు. ఈ ఆదివారం తడవకపోతే ఆవిడ ఇక తడవదు.

అందుకని శనివారం సాయంత్రమే భార్య అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి షరతులు చెప్పింది. పనిముట్ల సంచి ఇంట్లోనే. ఫోను ఆవిడ దగ్గర. ఎక్కడ ఏ కుళాయి కారినా అది తమ చుట్టం కాదు.

"సరే" అన్నాడు.

"సరే కాదు. మా అమ్మ నీళ్ళ కింద నిలబడేదాకా మీ చేతులు జేబులో ఉండాలి."

దానికీ సరే అన్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే తెల్లటి టేపు చుట్ట గురించి ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు.

బావమరిది స్కూలు వ్యాను నడుపుతాడు. ఆదివారం అది ఖాళీ. సీట్లు పిల్లల కొలతకు చేసినవి కాబట్టి పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డాలకు తగులుతాయి. పెన్సిలు పొట్టు, ఎండిన నీళ్ళ సీసాలు కలిసిన వాసన. అత్తగారు తువ్వాలు భుజాన వేసుకునే బండెక్కింది. పొడి చీర, లంగా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ పైన ఎర్ర అక్షరాలతో ఒక హెచ్చరిక రాసి ఉంది. కూతురు దాన్ని తండ్రి వంక చూస్తూ గట్టిగా చదివింది.

"చేతులు బయటికి చాచరాదు."

అత్తగారు పకపకా నవ్వింది. అతను చేతులు జేబుల్లో ఇంకొంచెం లోపలికి దూర్చాడు.

అతనికి దేవుడితో తగవేమీ లేదు. పని మీద పరిచయం, అంతే. చాలా గుళ్ళలో పనిచేశాడు. దేవుళ్ళను అతను ఎక్కువగా వెనకవైపు నుంచే చూశాడు, గొట్టాలన్నీ అటే ఉంటాయి కాబట్టి. ఎదురుగా నిలబడి దండం పెట్టుకోవలసి వచ్చినప్పుడల్లా అతనికి కొంచెం మొహమాటంగా ఉంటుంది.

బండి గుడి దాకా వెళుతుంది. దిగగానే కాళ్ళు కడుక్కునే చోటు. సిమెంటు తొట్టి మీద వరసగా పన్నెండు కుళాయిలు. పన్నెండింటిలోనూ నీళ్ళు దారప్పోగుల్లా వస్తున్నాయి. జనం ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు ఆ పోగు కింద పెట్టి, అది ఎప్పటికి తడుస్తుందా అని ఎదురుచూస్తున్నారు. చాలాసేపు అలా నిలబడేసరికి కొందరు పక్కవాళ్ళ భుజాలు పట్టుకున్నారు.

కాళ్ళు కడుక్కోవడానికి చేతులు బయటికి తీయక తప్పదు. తీశాడు. రెండు వేళ్ళు నీటి కింద పెట్టాడు. తుప్పు లేదు, ఇసుక లేదు, బలం మాత్రం లేదు. వంగి గొట్టానికి చెవి ఆనించాడు. లోపల ఒక సన్నటి ఊళ. నీళ్ళు ఇటు రావడం లేదు, దారిలో ఎక్కడో పారిపోతున్నాయి.

"ఏమండీ" అంది భార్య.

అతను లేచి నిలబడ్డాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

లైను కదలడం లేదు. అత్తగారిని ఒక అరుగు మీద కూర్చోబెట్టి మిగతావాళ్ళు నిలబడ్డారు. గంట మోగుతోంది. మైకులో ఎవరో పోయిన చెప్పుల గురించి చెబుతున్నారు. అతనికి మాత్రం ఆ ఊళ వినిపిస్తూనే ఉంది. పావుగంట ఓర్చుకున్నాడు. తర్వాత భార్యకు చిటికెన వేలు చూపించి లైనులోంచి బయటికి వచ్చాడు. ఆ వేలికి ఏ పెళ్ళామూ అడ్డు చెప్పలేదు.

గుడి వెనక ఎవరూ లేరు. జనం మొక్కుకుని ఇచ్చిన త్రిశూలాలు పాత ఇనుప సామానులాగా గోడకు ఆనించి ఉన్నాయి. వాటి వెనక ఎత్తు మీద సిమెంటు ట్యాంకు. దానిలోంచి దిగిన పెద్ద గొట్టం రెండుగా చీలింది. ఒక చీలిక గుడి ముందుకు పోయింది. రెండో దానికి పెద్ద ఇనుప చక్రం ఉన్న వాల్వు. ఆ వాల్వు తెరిచి ఉంది. దాని మూతిలోంచి తొడంత లావు నీళ్ళు రాతి మీద పడి, పొదల్లోకి దూరి, అంచు దాటి ఎటో పోతున్నాయి.

అతను అక్కడ నిలబడిపోయాడు. ముప్పై ఏళ్ళలో ఇంత దుబారా చూడలేదు. ట్యాంకు కడిగినవాడెవడో తెరిచి, మూయడం మరిచి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతున్నాడనుకున్నాడు.

ప్లంబరు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తాడు. పోయాక ఎటు పోతాయన్నది అతని శాఖ కాదు.

చక్రం చేతులకు లొంగలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సంచి ఉంటే క్షణం పని. అటూ ఇటూ చూశాడు. గోడ దగ్గరికి వెళ్ళి, నడుం ఎత్తున్న త్రిశూలం ఒకటి ఎంచుకుని, "అమ్మా, ఐదు నిమిషాలు" అని తీసుకున్నాడు. దాని కర్ర చక్రం ఊచల మధ్య దూర్చి బరువంతా వేశాడు. ఒక చుట్టు. నీళ్ళు తగ్గాయి. రెండు. మూడు. నాలుగో చుట్టుకు పూర్తిగా ఆగింది. వాల్వు మెడ దగ్గర కొంచెం చెమ్మ కనిపిస్తే టేపు తీసి శ్రద్ధగా చుట్టాడు. తర్వాత రెండు వేళ్ళు గొట్టం మూతి కింద పెట్టి పది లెక్కపెట్టాడు. చుక్క పడలేదు. ఆ గుడికి వచ్చి అతను చేసిన ధ్యానం మొత్తం ఆ పదే.

గుడి ముందు నుంచి కేకలు వినిపించాయి. పన్నెండు కుళాయిలూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. ఒంటికాలి జనం చీరలూ ప్యాంట్లూ తడుపుకుని నవ్వుతున్నారు. మైకు కూడా గొంతు సవరించుకుంది.

"అమ్మవారి దయవల్ల కాళ్ళు కడుక్కునే చోట నీళ్ళు పుష్కలంగా వచ్చుచున్నవి. భక్తులు వినియోగించుకోగలరు."

అతను త్రిశూలాన్ని ఉన్నచోట ఉన్నట్టు ఆనించి, తిరిగి వచ్చి లైనులో నిలబడ్డాడు. చేతులు జేబుల్లో. భార్య అతని మొహం వంక చూసింది. ఎందుకంత తృప్తిగా ఉన్నారని అడిగింది. గుడికి వచ్చాం కదా అన్నాడు.

అమ్మవారి ఎదుట వాళ్ళకు దొరికింది నాలుగు క్షణాలు. ఆవిడ అతని వంక చూసింది. త్రిశూలం సంగతి తెలిసినట్టే ఉంది. ఏమీ అనలేదు.

జలపాతానికి తొంభై రెండు మెట్లు దిగాలి. బావమరిది బండిని కింది దారిన చుట్టూ తిప్పి తెస్తానని వెళ్ళాడు. అందులో రమ్మంటే అత్తగారు వినలేదు, అప్పుడూ మెట్ల మీదే దిగానంది. ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి మనవరాలి భుజం మీద వేసి దిగడం మొదలుపెట్టింది. ప్రతి మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి, ఊపిరి పీల్చి, తర్వాతి మెట్టు. మధ్యలో మూడుసార్లు కూర్చుంది. ఒకసారి కూర్చున్నప్పుడు తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆయనే ఉంటే ఇక్కడిదాకా వచ్చి ఇంకోసారి అనేవాడంది. అందరూ నవ్వారు. తొంభై రెండు మెట్లకు నలభై నిమిషాలు పట్టింది.

కింద నలభై యాభై మంది తడిబట్టలతో నిలబడి పైకి చూస్తున్నారు. మూడంతస్తుల ఎత్తు నల్లటి రాయి. తడిగా నిగనిగలాడుతోంది. దాని మీద నీళ్ళు లేవు. అంచు నుంచి అప్పుడొకటి ఇప్పుడొకటి చుక్క రాలుతోంది.

జనం మధ్యలో ఒక లావాటి మనిషి నడుం దాకా సబ్బు నురగతో నిలబడి ఉన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, "వస్తోందా? వచ్చినప్పుడు చెప్పండి. వస్తోందా?" అంటున్నాడు. అతని భార్య తాగే నీళ్ళ సీసాతో అతని కళ్ళు మాత్రం కడిగింది. మిగతా మనిషికి నీళ్ళు చాలలేదు.

ఎవరి లెక్క వాళ్ళు చెబుతున్నారు. పైన ఎక్కడో వాన ఆగిపోయిందని ఒకడు. ఫోటోలు తీస్తే ఇంతేనని ఒకడు. ఎవరో చేయకూడని పని చేసి వచ్చి ఉంటారని, అమ్మవారికి కోపం వచ్చిందని ఒక ముసలావిడ. ఆ మాటతో ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ వంక చూశారు. అతను నేల వంక చూశాడు.

చిరుతిళ్ళ బండివాడిని అడిగాడు, ఎంతసేపయింది ఆగి అని.

"గంట అవుతుంది. చిత్రం ఏంటంటే అన్నా, ఒక్కసారిగా ఆగలేదు. నాలుగు విడతలుగా తగ్గింది. ఎవడో కూర్చుని తిప్పినట్టు."

అతను తల ఎత్తాడు. రాయి అంచు. అంచు మీద పొదలు. పొదల వెనక సున్నం వేసిన గోడ. ఆ గోడకు ఆనించి ఉన్న త్రిశూలాల కొనలు ఎండకు మెరుస్తున్నాయి.

అతని ఒంట్లో ఉన్న నీళ్ళన్నీ పాదాల్లోకి దిగిపోయాయి.

అత్తగారు ఒక బండ మీద కూర్చుంది. కాసేపు రాయి వంకే చూసింది.

"నీళ్ళేవే?" అంది కూతురితో.

"ఇప్పుడే ఆగాయట అమ్మా."

"పోనీలే. రాయైనా చూశాను." భుజం మీది తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి కవరు మీద ఉంచింది. "ఆయనా ఇంకోసారి అన్నాడు. ఇదీ అదే అంటోంది. ఇద్దరూ మాట్లాడుకున్నారేమో."

అని నవ్వింది. ఏడ్చినా బాగుండేది.

మనవరాలు అమ్మమ్మ పక్కనుంచి లేచి తండ్రి దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, "నాన్నా, చేతులు జేబులోంచి తియ్యి" అంది. అతను తీయలేదు. ఆ పిల్లే మణికట్టు పట్టుకుని లాగింది. రెండు అరచేతులూ ఎర్రటి తుప్పు.

"చిటికెన వేలి పనికి ఇంత తుప్పా?"

"మీ అమ్మకు చెప్పకు."

"అమ్మ నీ వెనకే ఉంది."

భార్య ఆ చేతుల వంక చూసింది. తర్వాత రాయి వంక చూసింది. మళ్ళీ చేతుల వంక చూసింది. కేకలు వేయలేదు. ఇరవై ఏళ్ళలో ఆవిడ కేకలు వేయని సందర్భాలు అతను వేళ్ళ మీద చెప్పగలడు. ఏవీ మంచివి కావు.

"దీన్ని మీరు కట్టేశారా?"

"కారుతోందనుకున్నాను."

"జలపాతం అండీ అది."

"పైనుంచి చూస్తే తెలియలేదు."

ఆవిడ మెట్ల వైపు చెయ్యి చూపించింది. "వెళ్ళి విప్పండి."

తొంభై రెండు మెట్లు. అతనికి పొట్ట ఉంది, ఆయాసం ఉంది. అన్నిటికన్నా బరువైనది ఇంకొకటి ఉంది. ముప్పై ఏళ్ళలో కొన్ని వేల కుళాయిలు కట్టేశాడు. బాగా బిగించినదాన్ని, నీళ్ళు ఊరికే పారిపోవడానికి, తన చేత్తో ఎప్పుడూ విప్పలేదు. మెట్టుమెట్టుకూ ఆ సంగతి గుర్తొచ్చింది. అరవయ్యో మెట్టు మీద ఆగి కిందికి చూశాడు. అత్తగారు మడతపెట్టిన తువ్వాలు మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. మళ్ళీ ఎక్కాడు.

ట్యాంకు దగ్గర పూజారి ఉన్నాడు. సన్నటి ముసలాయన. కుడి భుజానికి నొప్పి పట్టీ అతికించి ఉంది. రెండు చేతులతో చక్రం పట్టుకుని వేలాడుతున్నాడు. చక్రం కదలడం లేదు. అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"ఎవడో మహానుభావుడు కట్టేశాడు నాయనా. వాడు నూరేళ్ళు చల్లగా ఉండాలి, నాకు దొరకనంతకాలం."

"నేనేనండీ పంతులుగారూ."

పూజారి చక్రం వదిలి అతన్ని ఎగాదిగా చూశాడు. తిట్టడానికి నోరు తెరిచి, ఆయాసం వచ్చి, గట్టు మీద కూర్చున్నాడు. కొంచెం ఊపిరి అందాక అసలు సంగతి చెప్పాడు. నిజం జలపాతం పోయి పదకొండేళ్ళయింది. ఊట మీద ఈ ట్యాంకు కట్టారు. గుడికి నీళ్ళు వచ్చాయి, కింద రాయి ఎండింది. రాయి ఎండాక ఆదివారాల జనం కూడా ఎండిపోయారు.

"అప్పటిదాకా అందరూ నా పూజ చూసి వస్తున్నారనుకున్నానయ్యా."

ఆరునెలలు ఖాళీ గుడిలో గంట కొట్టి కొట్టి, ఒక ఆదివారం పొద్దున వచ్చి ఈ చక్రం తిప్పాడట. మధ్యాహ్నానికి మళ్ళీ లైను నిలబడిందట. అప్పటినుంచీ సెలవు రోజుల్లో పొద్దున్నే తెరుస్తాడు, పొద్దుగూకే వేళకు మూస్తాడు. గుడి కుళాయిలు సన్నబడతాయి. కాళ్ళు కొంచెం తక్కువ తడిస్తే పాపం రాదని తనే నిర్ణయించుకున్నాడు.

"అమ్మవారికి తెలుసా?" అన్నాడు మేస్త్రీ.

"ఆవిడకు తెలియకుండా ఎలా ఉంటుంది? రోజూ నా మొహమే చూసి చూసి ఆవిడకు మాత్రం విసుగు రాదా?"

మేస్త్రీ వాల్వు దగ్గర కూర్చుని, తను చుట్టిన టేపు తనే విప్పాడు. ఎన్ని చుట్లు తెరుస్తారని అడిగాడు. నాలుగన్నాడు పూజారి. తన భుజానికి నాలుగే వస్తాయన్నాడు.

"ఈ సైజు వాల్వుకు పదకొండు ఉంటాయండీ."

పూజారి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పదకొండేళ్ళ జలపాతాన్ని మనసులో కొలుచుకుంటున్నట్టున్నాడు.

"అంతా తెరిస్తే రెండు గంటల్లో ట్యాంకు ఖాళీ" అన్నాడు చివరికి. "గుడి ముందు కుళాయిల్లో చుక్క రాదు."

"రెండు గంటలు చాలండీ. కింద మా అత్తగారు ఉంది."

అతను ఎప్పుడూ ఇంత మాట్లాడే మనిషి కాదు. అయినా చెప్పాడు. మోకాళ్ళ గురించి, మామగారి ఇంకోసారి గురించి, నాలుగుసార్లు చెడిన ప్రయాణం గురించి, ఆ చెడగొట్టింది ఎవరన్నదాని గురించి కూడా.

"మరి కూర్చున్నావేం?" అన్నాడు పూజారి.

ఆయనే లోపలికి వెళ్ళి దీపాల నూనె డబ్బా తెచ్చాడు. మేస్త్రీ చక్రం ఇరుసుకు నూనె పోసి, అది ఇంకేదాకా ఆగాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి ఇందాకటి త్రిశూలం అందుకున్నాడు.

"దాంతోనా?" అన్నాడు పూజారి.

"ఇందాకా దీంతోనేనండీ."

పూజారి గుడి వైపు ఒకసారి చూశాడు. ఎవరూ రావడం లేదు.

"దాని పక్కది తీసుకో" అన్నాడు. "గట్టిది."

మొదటి చుట్టు మొండికేసింది. రెండోదానికి నూనె పట్టుకుంది. నాలుగు దాటాక చక్రం ఒక వేలితో తిరిగింది. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు. నీళ్ళు గొట్టంలోంచి పడడం మానేసి దూకడం మొదలుపెట్టాయి. అలవాటు చొప్పున రెండు వేళ్ళు చాచాడు. నీళ్ళు ఆ చేతిని విసిరికొట్టాయి. లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ లేదు.

కింది నుంచి పెద్ద కేక వచ్చింది.

అతను పొదలు తప్పించుకుని అంచు దాకా వెళ్ళాడు. జారకుండా పూజారి వెనకనుంచి చొక్కా పట్టుకున్నాడు. వంగి చూశాడు. సబ్బు మనిషి ఒక్క క్షణం తెల్లగా కనిపించి, ఇంకా తెల్లటి దానిలోకి మాయమయ్యాడు. జనం మళ్ళీ నీళ్ళలోకి పరుగెత్తుతున్నారు. వాళ్ళ మధ్యలో అత్తగారి నీలం చీర. అటు కూతురు, ఇటు మనవరాలు పట్టుకుని నడిపిస్తున్నారు. ఒక్కొక్క అడుగు. నీళ్ళ అంచు దగ్గర ఆవిడ ఆగింది. కుడివైపు చెయ్యి విదిలించుకుంది. తర్వాత ఎడమవైపుది కూడా. ఒంటరిగా రెండడుగులు వేసి, పడే నీళ్ళ కింద నిలబడింది.

అంత ఎత్తు నుంచి మొహం కనపడదు. తల వెనక్కి వంచిందని, నోరు తెరిచి ఉందని మాత్రం తెలిసింది. చినుకు పడితే గొడుగు తెరిచే అతని భార్య తలమీదుగా నీళ్ళు కారుతుండగా తల్లి పక్కన నిలబడి గట్టిగా ఏదో అరుస్తోంది. తిట్టో, నవ్వో తెలియలేదు.

అతను చెయ్యి ఎత్తి ఊపాడు. ఎవరూ చూడలేదు. షరతు గుర్తొచ్చి చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ నీళ్ళ కింద నిలబడింది కదా, ఇక పెట్టుకోనక్కరలేదని. తీసి, రెండు చేతులతో ఊపాడు.

గుడి ముందు గొడవ మొదలైంది. పన్నెండు కుళాయిలూ ఎండిపోయాయి. ఎక్కడి కాలు అక్కడే ఉండిపోయింది. పూజారి అతని చొక్కా వదిలి, కండువా సర్దుకుని వెళ్ళాడు. కొంచెంసేపటికి మైకులో ఆయన గొంతే వినిపించింది.

"అమ్మవారి దయ ప్రస్తుతం కింది వైపు ఉన్నది. భక్తులు గమనించగలరు."

తిరుగు ప్రయాణంలో వ్యాను నిండా తడి వాసన. పొడిగా ఉన్నది ఇద్దరే, నడుపుతున్న బావమరిది, అతను. అక్కయ్య చెడామడా తిట్టిందా బావా అని బావమరిది అద్దంలో చూసి అడిగాడు. కూతురు కిటికీ పైని ఎర్ర అక్షరాల వంక చూసింది కాని, ఈసారి చదవలేదు.

అత్తగారు పొడి చీర కట్టుకుని, తడి తువ్వాలు తలకు చుట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. సగం దారిలో వెనక్కి తిరిగింది.

"అల్లుడూ, ఆ నీళ్ళు ఇనుము వాసన వేశాయి."

అతను చేతులు జేబుల్లోకి దూర్చాడు.

"యాభై ఏళ్ళ కిందట ఏ వాసన వేసేవో నాకు తెలియదులే. అప్పుడు నేను తడవలేదుగా." కొంచెం ఆగింది. "మధ్యలో దీపాల నూనె వాసన కూడా వచ్చింది."

"పదకొండు చుట్లు విప్పాను అత్తయ్యా" అన్నాడు.

"అదే అనుకున్నాను. చేతులు మంచివి."

మొహం గురించి ఆ ఒక్కసారి ఏమీ అనలేదు.

భార్య సంచిలోంచి ఫోను తీసి అతని ఒళ్ళో పెట్టింది. తొమ్మిదిమంది చేసి ఉన్నారు. చూడకుండా జేబులో వేసుకున్నాడు. ఆవిడ అతని భుజానికి తల ఆనించి నిద్రపోయింది. ఊరు చేరేసరికి ఆ జుట్టు తడికి చొక్కా ఆ పక్కంతా నానిపోయింది. రోజు మొత్తం మీద అతను తడిసింది అంతే.

మర్నాడు పొద్దున అందరికన్నా ముందు లేచాడు. సంచి భుజాన వేసుకుని డాబా మీదికి వెళ్ళాడు. ట్యాంకు పక్కన రంధ్రం చేసి, పాత సామానులో ఉన్న లావాటి గొట్టం ఒకటి తగిలించి, స్నానాల గది కిటికీలోంచి లోపలికి దించాడు. చివర షవరు పళ్ళెం పెట్టలేదు. మూతి బార్లా తెరిచి ఉంచాడు. కూర్చున్న మనిషి చేతికి అందేటంత ఎత్తులో వాల్వు బిగించి, ఒక వేలితో తిరిగేలా దానికి నూనె పెట్టాడు. కింద ముక్కాలిపీట వేసి, జారకుండా దాని కాళ్ళు నేలకు బిగించాడు.

చప్పుడుకు భార్య లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. గొట్టం వంక, పీట వంక చూసింది.

"ఇంట్లో ట్యాంకు ఎంతసేపు వస్తుంది దీనికి?"

"నాలుగు నిమిషాలు."

"తర్వాత మా సంగతి?"

"మళ్ళీ నిండుతుంది కదా" అన్నాడు, ఆ ఇంట్లో అతను ఎన్నడూ అనని మాట.

ఆవిడ వెళ్ళి, తీగ మీద ఆరేసిన తువ్వాలు తెచ్చి తలుపుకు తగిలించింది.

అతను వాల్వు మూసి, రెండు వేళ్ళు గొట్టం కింద చాచాడు. లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏడు దగ్గర చుక్క పడింది. దాని వంక చూశాడు. వేళ్ళు చొక్కాకు తుడుచుకుని అత్తగారిని పిలిచాడు.